మొదటి స్పిట్‌ఫైర్ మోడల్: కిట్టు సంగతి తర్వాత, ముందు రంగు దేనితో వేస్తారు?

ప్లాస్టిక్ విమానాల మోడలింగ్‌లోకి కొత్తగా వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది: "స్పిట్‌ఫైర్ కట్టాలనుంది, ఏ కంపెనీ కిట్టు కొనమంటారు?" కంపెనీ సంగతి తర్వాత చూద్దాం. ముందు మీరు రంగు దేనితో వేయబోతున్నారో తేల్చుకోండి. బ్రష్షా, స్ప్రే డబ్బానా, ఎయిర్‌బ్రష్షా (గాలి ఒత్తిడితో రంగు చిమ్మే పెన్నులాంటి పరికరం)? ముక్కలు అతికించడం కొన్ని సాయంత్రాల్లో అయిపోతుంది. పూర్తయిన మోడల్‌లో ఎవరి కంటికైనా ముందు ఆనేది రంగే. ఏ స్కేలు (అసలు విమానంలో ఎన్నో వంతు; 1/72 అంటే డెబ్భై రెండో వంతు) మీ చేతికి లొంగుతుంది, ఏ కిట్టు మీద ఎక్కువ డబ్బు పెట్టడం దండగ, ఏ వెర్షన్ ఎంచుకుంటే మేలు అన్నవి కూడా దాన్ని బట్టే తేలతాయి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. పెట్టె మీద బొమ్మ చూసి కొనేస్తారు, రంగుల గురించి తర్వాత వెతుక్కుంటారు.

రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధ విమానం స్పిట్‌ఫైర్‌నే ఉదాహరణగా తీసుకోవడానికి కారణం దానికున్నన్ని కిట్లు మరే పాత యుద్ధ విమానానికీ లేవనిపించడమే. 1936 మార్చి 5న సౌతాంప్టన్ దగ్గర ఈస్ట్‌లీలో మొదటిసారి గాల్లోకి లేచిన ఈ విమానాన్ని ఆ తర్వాత 20 వేలకు పైగా తయారు చేశారు. ఎయిర్‌ఫిక్స్ కంపెనీ 1953లో తెచ్చిన తన తొలి విమానం కిట్టు కూడా స్పిట్‌ఫైరే. అప్పటినుంచి ప్రతి కంపెనీ ఏదో ఒక స్పిట్‌ఫైర్ వేస్తూనే ఉంది. అందుకే ఎంపిక కష్టం.

బ్రష్షు

బ్రష్షుతో వేసిన మోడల్ రెండో రకమే అన్న మాట తరచూ వినిపిస్తుంది. చిన్న స్కేలులో అది నిజం కాదు. ఒక లెక్క చూడండి. స్పిట్‌ఫైర్ మీద ఆకుపచ్చ, మట్టిరంగు పట్టీలు కలిసే చోట అసలు విమానంలో రంగు ఒక అంగుళం మేర కలిసిపోయి ఉందనుకుందాం. 1/72 స్కేలులో అది మిల్లీమీటరులో మూడో వంతు. అంటే బ్రష్షుతో గీసిన స్పష్టమైన అంచుకూ అసలు అంచుకూ కంటికి కనిపించేంత తేడా ఉండదు. ఎయిర్‌బ్రష్షుతో అంచులు మరీ మెత్తగా, పొగలా వేసిన చిన్న మోడళ్లే నిజానికి ఎక్కువ తప్పుగా ఉంటాయి.

బ్రష్షుకు సమస్య అంచుల దగ్గర కాదు, వెడల్పు జాగాల దగ్గర వస్తుంది. రెక్క పెద్దదయ్యేకొద్దీ గీతలు కనబడతాయి. 1/72లో స్పిట్‌ఫైర్ రెక్కల మొత్తం వెడల్పు 15.6 సెంటీమీటర్లు. 1/48లో 23.4. 1/32కి వస్తే 35 దాటుతుంది. నా మాట అడిగితే బ్రష్షువాళ్లకు 1/72 హాయి, 1/48 ఓపికుంటే సరే, 1/32 వద్దు.

ఎనిమిది, పది మిల్లీమీటర్ల వెడల్పున్న చదునైన సింథటిక్ బ్రష్షు ఒకటి, సన్నది ఒకటి ఉంటే చాలు. ఒకే కోటుతో ప్లాస్టిక్ మొత్తం కప్పేయాలని చూడకండి. మొదటి కోటు మచ్చమచ్చలుగా, చూడ్డానికి అసహ్యంగానే ఉంటుంది. ఉండనివ్వండి. అది బాగా ఆరాక రెండోది, అవసరమైతే మూడోది. మధ్యలో సరిదిద్దుదామని తడి రంగు మీద మళ్లీ బ్రష్షు పెడితే పని చెడుతుంది.

స్ప్రే డబ్బా

టమియా కంపెనీ విమానాల కోసమే ప్రత్యేకంగా ఏఎస్ వరుస డబ్బాలు చేస్తుంది. బ్రిటిష్ వైమానిక దళం ఆకుపచ్చ, సముద్రపు బూడిద రంగులు అందులో ఉన్నాయి. ఒకే రంగు విమానానికి డబ్బా చాలా మంచి దారి. స్పిట్‌ఫైర్‌కు మాత్రం పైన రెండు రంగులు, కింద ఇంకొకటి కాబట్టి మాస్కింగ్ టేపు పని ఎక్కువ. డబ్బా నుంచి రంగు ధారాళంగా వస్తుంది, టేపు అంచున గట్టులా పేరుకుంటుంది. పైగా ఇవి మండే సరుకు కనుక విమానంలో పార్సిల్‌గా రావు. విదేశీ దుకాణంలో కిట్టుతోపాటు ఆర్డర్ పెడితే చాలాసార్లు డబ్బాలు మాత్రం తీసేస్తారు.

హార్డ్‌వేర్ షాపులో దొరికే బైకు, గేటు స్ప్రే డబ్బాల జోలికి వెళ్లకండి. వాటి పొర మందం. చిన్న గాడులన్నీ పూడిపోతాయి. కొన్నింటిలోని ద్రావకం పాలీస్టైరిన్ ప్లాస్టిక్‌ను తినేస్తుంది కూడా.

ఎయిర్‌బ్రష్షు

ఇది కొంటే ఒక్క ఎయిర్‌బ్రష్షుతో పోదు. కంప్రెసరు కావాలి, దానికి చిన్న ట్యాంకు ఉండాలి, లేకపోతే గాలి ఆగి ఆగి వస్తుంది. గాలిలో తేమ పట్టే ఫిల్టరు కావాలి. సముద్రం పక్కనున్న ఊళ్లలో ఇది లేకుండా వేస్తే మధ్యలో నీటి చుక్క వచ్చి రెక్క మీద పడుతుంది. ఆవిరులను పట్టే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి. కోవిడ్ రోజుల్లో వాడిన గుడ్డ మాస్కు థిన్నర్ ఆవిరిని ఆపదు. కిటికీ వైపు గాలి లాగే బూత్ ఉంటే మంచిది, కనీసం ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉన్న గదైనా చూసుకోవాలి. వంటింట్లో మాత్రం వద్దు. ఇవన్నీ కలిపితే నాలుగైదు మంచి కిట్ల ఖరీదు దాటుతుంది.

అంత పెట్టినందుకు దక్కేది సన్నని, సమమైన పొర. 0.3 మిల్లీమీటర్ల నాజిల్, పైన రంగు పోసే కప్పు ఉన్న డబుల్ యాక్షన్ రకం అయితే 1/72 నుంచి 1/32 దాకా అన్నీ చేసుకోవచ్చు. సింగిల్ యాక్షన్ చౌక, నేర్చుకోవడం తేలిక అని కొంటారు గానీ, గాలీ రంగూ విడివిడిగా అదుపు చేయలేకపోతే ఎయిర్‌బ్రష్షు వల్ల లాభం సగమే. రంగును పాలంత పలచగా కలిపి, గాలి ఒత్తిడి 15 నుంచి 20 పీఎస్ఐ మధ్య పెట్టి మొదలుపెట్టండి.

ఒక మోడల్ కట్టి చూద్దాం అనుకునేవారు దీనికి డబ్బు పెట్టవద్దు. ప్రతిసారీ వేసేదానికన్నా కడిగేదానికే ఎక్కువ సమయం పోతుంది. కడగడం విసుగనిపించే మనిషికి ఎంత మంచి ఎయిర్‌బ్రష్షు ఇచ్చినా నెలలో మూలన పడుతుంది.

ఏ రకం రంగు?

ఇక్కడ మన వాతావరణం కూడా లెక్కలోకి వస్తుంది. బ్రిటన్‌లో ఎవరో చేసిన వీడియో చూసి అదే పద్ధతి విజయవాడ మే నెలలో పాటిస్తే కుదరదు.

హంబ్రాల్ లాంటి ఎనామెల్ రంగులు బ్రష్షుకు బాగా ఒదుగుతాయి. నెమ్మదిగా ఆరతాయి కాబట్టి బ్రష్షు గీతలు వాటంతటవే సర్దుకుంటాయి. మండు వేసవిలో ఈ నెమ్మదితనం వరమే. వర్షాకాలంలో అదే శాపం. ఒక కోటు పూర్తిగా గట్టిపడటానికి రోజు దాటుతుంది, ఈలోపు ఫ్యాను గాలికి దుమ్ము, దోమ రెక్కలు అంటుకుంటాయి. పైన ఓ ప్లాస్టిక్ డబ్బా బోర్లించండి. వాసన ఘాటు. కడగడానికి, పలచన చేయడానికి హార్డ్‌వేర్ షాపు టర్పెంటైన్ పనికొస్తుంది కాబట్టి ఖర్చు తక్కువ.

నీటితో కలిపే ఆక్రిలిక్‌లలో స్పెయిన్ కంపెనీ వయెహోది పెద్ద పేరు. వాసన ఉండదు, కుళాయి కింద కడిగేయవచ్చు, పిల్లలున్న ఇంట్లో ఇదే నయం. దానిలో మోడల్ కలర్ వరుస బ్రష్షుకు, మోడల్ ఎయిర్ వరుస ఎయిర్‌బ్రష్షుకు. లోపం పట్టులో ఉంది. ప్రైమర్ (రంగు పట్టేందుకు ముందు వేసే పూత) వేయకుండా నేరుగా ప్లాస్టిక్ మీద వేస్తే, తర్వాత మాస్కింగ్ టేపు లాగినప్పుడు రంగు పొరలా లేచి వస్తుంది. ఎండాకాలంలో బ్రష్షు మీదే ఎండిపోతుంది. ఆరడాన్ని నెమ్మదింపజేసే రిటార్డర్ రెండు చుక్కలు కలపాలి, లేదా పొద్దున్నే పని పెట్టుకోవాలి.

టమియా చిన్న గాజు సీసాల ఆక్రిలిక్‌లను ఇదే కోవలో వేసేసి మోసపోతుంటారు. అవి ఎయిర్‌బ్రష్షుకు అద్భుతం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కూడా పలచనవుతాయి. బ్రష్షుకు మాత్రం ఏడిపిస్తాయి. రెండో కోటు వేస్తుంటే అది కింది కోటును కరిగించి లాక్కొస్తుంది. దుకాణంవాళ్లు ఇది చెప్పరు. సీసా మీద "ఆక్రిలిక్" అని ఉంటే అన్నీ ఒకటే అనుకుంటాం.

మిస్టర్ కలర్ లాంటి జపాన్ లాకర్ (ఘాటైన ద్రావకంతో చేసే) రంగులు ఎయిర్‌బ్రష్షువాళ్లకే. నిమిషాల్లో ఆరిపోతాయి, గట్టిగా పట్టుకుంటాయి. తేమ ఎక్కువున్న రోజున పొర మీద తెల్లటి మంచులాంటి మసక వస్తుంది. జూలై, ఆగస్టుల్లో వాన పడుతుండగా లాకర్ వేయకపోవడమే మేలు. దీనికి ఆ కంపెనీ థిన్నరే వాడండి. కార్పెంటర్లు వాడే ఎన్‌సీ థిన్నర్ ఎయిర్‌బ్రష్షు కడగడానికి సరే గానీ, రంగులో కలిపితే ప్లాస్టిక్‌కు ముప్పు.

స్కూలు సామాన్ల షాపులో దొరికే ఆక్రిలిక్‌లు, గుడ్డ రంగులు వాడొచ్చా అని అడుగుతారు. వాటి రంగు రేణువులు పెద్దవి. పైలట్ బొమ్మకు, చక్రాల టైర్లకు, స్టాండ్‌కు వాడుకోండి. రెక్కలకు వద్దు.

కాబట్టి బ్రష్షు పట్టేవారికి నా ఓటు ఎనామెల్‌కు. వాసన పడనివాళ్లు ప్రైమర్ వేసి వయెహో. ఎయిర్‌బ్రష్షుంటే టమియాతో మొదలుపెట్టి, చేయి తిరిగాక లాకర్.

స్కేలు, కంపెనీ

ఇప్పుడు కిట్టు తేలిగ్గా తేలుతుంది.

బ్రష్షు, 1/72 అనుకున్నవారికి ఎయిర్‌ఫిక్స్ మార్క్ 1 (స్పిట్‌ఫైర్ వెర్షన్లను మార్క్ అంటారు). దీనితోనే రంగులు, బ్రష్షు, జిగురు కలిపిన స్టార్టర్ సెట్ కూడా వస్తుంది. ఈ కంపెనీ బ్రిటిష్‌దైనా చాలా పెట్టెల మీద "మేడ్ ఇన్ ఇండియా" అని చూసి ఆశ్చర్యపోయేవారున్నారు. అచ్చులు పోసేది ఇక్కడే. దీని మీద ఉన్న ప్రధాన ఫిర్యాదు రేకుల మధ్య గాడులు మరీ లోతుగా, వెడల్పుగా ఉన్నాయని. 1/72లో 0.2 మిల్లీమీటర్ల గాడి అంటే అసలు విమానంలో 14 మిల్లీమీటర్ల కాలువ. స్పిట్‌ఫైర్‌కు అలాంటివేమీ లేవు. అయితే బ్రష్షుతో రెండు మూడు కోట్లు వేసేసరికి ఆ గాడులు కొంత పూడి సరిగ్గా కనిపిస్తాయి. ఎయిర్‌బ్రష్షువాళ్లు తప్పుపట్టే గుణమే బ్రష్షువాళ్లకు కలిసొస్తుంది.

ఎయిర్‌బ్రష్షు, 1/48 అనుకున్నవారికి అసలైన పోటీ టమియా, ఎడువార్డ్‌ల మధ్య. 2018లో వచ్చిన టమియా మార్క్ 1 ముక్కలు చెప్పినట్టు వింటాయి. రెక్క, ఫ్యూజలాజ్ (విమానం మొండెం) కలిసే చోట పుట్టీ అవసరం దాదాపు రాదు. కాక్‌పిట్ మూసినదీ తెరిచినదీ రెండు రకాల అద్దాలు ఇస్తారు. కట్టడం త్వరగా ముగించి రంగుల మీద కూర్చోవాలనుకునేవారికి ఇంతకన్నా మంచిది లేదు. చెక్ కంపెనీ ఎడువార్డ్ 2020లో తన మార్క్ 1 తెచ్చింది. రివెట్ల వరసలతో సహా ఉపరితలం చూస్తే టమియా బోసిగా కనిపిస్తుంది. ప్రొఫీప్యాక్ పెట్టెలో రంగు అచ్చు వేసిన లోహపు మీటర్ల ప్యానెల్, అద్దానికి రంగు అంటకుండా చట్రం కొలతకు కత్తిరించిన టేపు మాస్కులు, ఎక్కువ రకాల డెకాల్స్ (విమానం గుర్తులు, అక్షరాలు అంటించే పలచని బొమ్మలు) ఉంటాయి. కానీ ముక్కలు ఎక్కువ, కాక్‌పిట్ ఒక మిల్లీమీటరు పక్కకు జరిగినా ఫ్యూజలాజ్ మూసుకోదు. రెండు విమానాలు కట్టిన తర్వాత ఎడువార్డ్, అంతకు ముందు టమియా అన్నది నా అభిప్రాయం.

1/32లో టమియా మార్క్ 9 గొప్ప కిట్టే. ఎయిర్‌ఫిక్స్ 1/24 మార్క్ 9 రెక్కలు దాదాపు 47 సెంటీమీటర్లు. వీటి గురించి అడిగేవారిని నేను ఒకటే అడుగుతాను: ఇంట్లో ఎక్కడ పెడతారు?

ఏ స్పిట్‌ఫైర్?

వెర్షన్‌కూ రంగు పనికీ సంబంధం ఉంది. 1940 నాటి మార్క్ 1, 2లకు పైన మట్టి గోధుమ, ముదురు ఆకుపచ్చ. కింద ఆ ఏడాది జూన్ నుంచి "స్కై" అనే లేత ఆకుపచ్చ ఛాయ. అంతకు ముందు కింద ఎడమ రెక్క నలుపు, కుడి రెక్క తెలుపు. పైన నమూనా రెండు రకాలు, ఒకటి రెండోదానికి అద్దంలో ప్రతిబింబం. కాబట్టి మీరు ఎంచుకున్న విమానం ఫోటో చూసి ఏదో తేల్చుకోండి. స్కై రంగు విషయంలో టెన్షన్ వద్దు. అప్పట్లో సరఫరా చాలక యూనిట్లు దొరికిన లేత నీలాలు, ఆకుపచ్చలు కలిపి వేసుకున్నాయి. మీ ఛాయ కాస్త అటూ ఇటూ అయితే తప్పు పట్టడానికి ఎవరి దగ్గరా ఆధారం ఉండదు.

1941 ఆగస్టు తర్వాత మట్టిరంగు పోయి ఓషన్ గ్రే వచ్చింది, కింద మీడియం సీ గ్రే. ఈ నమూనాలో తోక దగ్గర స్కై పట్టీ, ప్రొపెల్లర్ ముక్కుకూ స్కై, రెక్క ముందంచున పసుపు గీత. చూడ్డానికి అందంగా ఉంటుంది. టమియాలో ఈ బూడిద రంగులకు ఎక్స్ఎఫ్-82, 83, ఆకుపచ్చకు ఎక్స్ఎఫ్-81 సిద్ధంగా ఉన్నాయి. కానీ బ్రష్షు పట్టినవారికి ఆ పసుపు గీత పరీక్షే. పసుపు ముదురు రంగును కప్పదు. కాబట్టి పసుపు ముందు వేసి, టేపుతో మూసి, మిగతావి తర్వాత వేయాలి.

తెలుగువాళ్లకు ఇంకో దారి ఉంది. అది చాలామందికి తెలియదు. బ్రిటిష్ వైమానిక దళంలో 152వ స్క్వాడ్రన్ పేరు హైదరాబాద్ స్క్వాడ్రన్. నిజాం యుద్ధ విరాళాల వల్ల ఆ పేరు వచ్చింది. స్క్వాడ్రన్ చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది, "నమ్మకమైన మిత్రుడు" అన్న అర్థంలో నినాదం. 1940లో ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని వార్మ్‌వెల్ నుంచి స్పిట్‌ఫైర్‌లతో పోరాడింది. ఫ్యూజలాజ్ మీద అక్షరాలు యూ, ఎం. హరికేన్ యుద్ధ విమానాలు నడిపిన 253వ స్క్వాడ్రన్ పేరు హైదరాబాద్ స్టేట్. కోస్తా, రాయలసీమలవాళ్లు నొచ్చుకోనక్కర్లేదు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ పేరున 234వ స్క్వాడ్రన్ ఉంది, అదీ స్పిట్‌ఫైర్‌లదే. దాని అక్షరాలు ఏ, జెడ్. కిట్టులో ఈ గుర్తులు రాకపోతే బూడిద రంగు కోడ్ అక్షరాల డెకాల్ షీటు విడిగా కొని మామూలు మార్క్ 1 కిట్టు మీద వేసుకోవచ్చు.

152 స్క్వాడ్రన్ 1943 చివర్లో బర్మా రంగం కోసం భారత్‌కు వచ్చింది. ఆ తర్వాత దాని మార్క్ 8 స్పిట్‌ఫైర్‌ల మీద దూకుతున్న నల్ల చిరుత బొమ్మ వేసుకుంది. ఇక్కడి విమానాల రౌండెల్‌లో (దేశాన్ని తెలిపే గుండ్రటి గుర్తులో) ఎరుపు ఉండదు. జపాన్ వాళ్ల ఎర్ర సూర్యుడితో పొరబడతారని తీసేసి, ముదురు నీలంలో లేత నీలం పెట్టారు. షెల్ఫులో మిగతా స్పిట్‌ఫైర్‌ల పక్కన ఇది ప్రత్యేకంగా నిలుస్తుంది. కాకపోతే దీనికి మార్క్ 1 కిట్టు సరిపోదు. మార్క్ 1లో కుడి రెక్క కింద పెద్ద రేడియేటరు, ఎడమ రెక్క కింద చిన్న ఆయిల్ కూలరు ఉంటాయి. మార్క్ 8లో రెండు వైపులా ఒకే సైజు, తోక చక్రం లోపలికి ముడుచుకుంటుంది. ఎడువార్డ్‌లో మార్క్ 8 దొరుకుతుంది. చిరుత బొమ్మ చేత్తో వేద్దామనుకోకండి, డెకాల్ దొరికాకే కిట్టు విప్పండి.

స్పిట్‌ఫైరే ఎందుకు అనేవారికి రెండు మాటలు. బ్రష్షుతో తొలి మోడల్ అయితే ఒకే రంగున్న జపాన్ యుద్ధ విమానం జీరో ఇంకా సులువు. మెరిసే లోహపు రంగులో ఉండే అమెరికా యుద్ధ విమానం మస్టాంగ్ మాత్రం చేయి తిరిగేదాకా వద్దు. ప్రతి గీత, ప్రతి వేలిముద్ర దాని మీద కనిపిస్తుంది.

జిగురు, డెకాల్, వార్నిష్

జిగురుకు పలచని పాలీస్టైరిన్ సిమెంటు కొనండి. ఫెవిక్విక్ లోహపు ముక్కలకు. కాక్‌పిట్ అద్దం దగ్గర దాన్ని తీశారో, ఆవిరికి లోపలంతా తెల్లగా మసకబారుతుంది. ఆ అద్దాన్ని మామూలు ఫెవికాల్‌తో అతికించండి. పారదర్శకంగా ఆరుతుంది, ఎక్కువైతే తడి గుడ్డతో తుడిచేయవచ్చు.

డెకాల్స్‌కు ముందు గ్లాసీ (మెరిసే) వార్నిష్ తప్పదు. గరుకు రంగు మీద నేరుగా అంటిస్తే కింద గాలి చిక్కుకుని అంచుల్లో వెండిలా మెరుస్తుంది. ఎనామెల్ రంగు మీద ఆక్రిలిక్ వార్నిష్ వేసుకోవచ్చు. రంగూ వార్నిషూ రెండూ ఎనామెలే అయితే కింది పొర పూర్తిగా గట్టిపడేదాకా ఆగాలి. డెకాల్స్ ఆరాక మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్. దాని సీసా అడుగున పొడి పేరుకుంటుంది. ఊపకుండా వేస్తే మెరుపు పోదు. సరిగ్గా కలవకపోతే ముదురు ఆకుపచ్చ మీద తెల్లటి పొడి తేలుతుంది. ముందు పాత ప్లాస్టిక్ చెంచా మీద వేసి ఆరనిచ్చి చూసుకోండి. అద్దం మీది మాస్కింగ్ టేపు తీయాల్సింది ఇదంతా అయ్యాకే.